'మన' అంటే ఎవరెవరు? సర్కారు బడిలో మతాల పాఠం చెప్పడం ఎలా

ఏడో తరగతి నోట్సులు దిద్దుతున్నాను. అంతకుముందు రోజు పండుగల గురించి చెప్పి, బోర్డు మీద "మన పండుగలు" అని హెడ్డింగ్ పెట్టి బతుకమ్మ, దసరా, దీపావళి, సంక్రాంతి, ఉగాది అని వరుసగా రాయించాను. రెండో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి ఆ అయిదూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. కింద స్కేలు పెట్టి గీత కొట్టింది. గీత కింద "మా పండుగలు" అని రాసి రంజాన్, బక్రీద్ చేర్చుకుంది. ఎవరూ చెప్పలేదు, తనంతట తనే రాసుకుంది. ఎర్ర పెన్ను పట్టుకుని ఆ గీత దగ్గర చాలాసేపు ఆగిపోయాను. స్కేలు ఆ పిల్లదే గానీ గీత నాది.

హనుమకొండ, వరంగల్ చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెబుతూ వచ్చిన నాకు ఆ నోట్సు నేర్పినంత ఏ ట్రైనింగూ నేర్పలేదు. మతాల పాఠం వస్తే ఎలా చెప్పాలి, ఏ మాట వాడాలి, ఎక్కడ ఆగాలి అన్నది అప్పటినుంచి ఒక పద్ధతిగా పెట్టుకున్నాను. డీఎస్సీ రాసి కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతుంటారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. సోషల్ వాళ్లకే కాదు, తెలుగు పాఠంలో భక్తి పద్యాలు చెప్పేవాళ్లకు కూడా పనికొస్తుంది.

ముందు చట్టం చదవండి

స్టాఫ్ రూంలో ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "మతం సంగతి మనకెందుకు, ఎవడన్నా కంప్లైంట్ ఇస్తే టెన్షన్. పాఠం చదివించి వదిలెయ్." ఈ భయం చట్టం తెలియకపోవడం వల్ల వచ్చింది. తెలుసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

రాజ్యాంగంలో 28వ అధికరణ చూడండి. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మతబోధన చేయకూడదు అంటుంది మొదటి క్లాజు. మూడో క్లాజు ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులకు, ఎయిడెడ్ బడులకు కూడా వర్తిస్తుంది. అక్కడ మతబోధనలో గానీ ప్రార్థనలో గానీ పాల్గొనమని ఎవరినీ బలవంతం చేయకూడదు. మైనర్ అయితే సంరక్షకుల సమ్మతి ఉండాలి. మన జడ్పీ బడి, మోడల్ స్కూల్, గురుకులం మొదటి క్లాజు కిందికే వస్తాయి.

అయితే మతబోధన అంటే ఏమిటి? అసలు చిక్కు ఇక్కడే. కొఠారీ కమిషన్ 1964–66లోనే తేడా చెప్పింది: ఒక మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి తెలియజెప్పడం వేరు. గురునానక్ జీవితం, బోధనల మీద విశ్వవిద్యాలయంలో అధ్యయనం పెడితే అది మతబోధన కిందికి రాదని సుప్రీంకోర్టు 1971లో డీఏవీ కాలేజీ కేసులో చెప్పింది. బడి పాఠాల్లో మతాల పరిచయం ఉండటం 28వ అధికరణకు విరుద్ధం కాదని 2002లో అరుణా రాయ్ కేసులో మళ్లీ చెప్పింది. కాబట్టి మీరు చెప్పవచ్చు, చెప్పాలి కూడా. కాకతీయుల పాఠం శైవం, జైనం మాట ఎత్తకుండా ఎలా నడుస్తుంది?

నేను పెట్టుకున్న కొలత ఒకటి చెబుతాను. బెల్లు కొట్టాక పిల్లవాడు "నేను ఇది నమ్మాలన్నమాట" అనుకుంటూ లేస్తే అది మతబోధన. "వాళ్లు ఇలా నమ్ముతారన్నమాట" అనుకుంటూ లేస్తే అది పాఠం. "ఇదంతా ఉత్తదే" అనుకుంటూ లేచినా మనం తప్పు చెప్పినట్టే. ఒక నమ్మకాన్ని నెత్తికెక్కించడం ఎంత తప్పో, దాన్ని క్లాసులో కించపరచడం అంతే తప్పు.

మీ నోటి మాటలు మూడు సరిచూసుకోండి

నిష్పాక్షికత పెద్ద పెద్ద సిద్ధాంతాల్లో ఉండదు, వాక్యాల్లో ఉంటుంది. మన తెలుగులో మూడు చిన్న చోట్ల పక్షపాతం తెలియకుండా దూరిపోతుంది.

మొదటిది "మన". తెలుగులో "మన" వేరు, "మా" వేరు. వింటున్నవాణ్ని కలుపుకుంటే మన, వదిలేస్తే మా. నలభై మంది ముందు నిలబడి "మన దేవుళ్లు", "మన గుడి" అనగానే ఆ మాటలో చేరని పిల్లలు నలుగురో అయిదుగురో ఉంటారు. వాళ్లు చెయ్యి ఎత్తి అడగరు. మనసులో "మా" అని గీత గీసుకుంటారు. అందుకని మతం దగ్గర "మన" వాడకండి. ఊరికి, జిల్లాకు, రాష్ట్రానికి, దేశానికి వాడండి. "మన జిల్లాలో జరుపుకునే పండుగలు" అంటే అందరూ అందులో ఉన్నట్టే. "హిందువులు దీపావళి జరుపుకుంటారు" అనడం మొదట్లో నాకు నోరు తిరగలేదు, ఎవరి గురించో చెబుతున్నట్టు అనిపించింది. ఆ కొత్తదనం ఒక వారంలో పోతుంది. మిగతా మతాల పండుగల గురించి మనం ఏళ్లుగా ఇలాగే చెబుతున్నామని అప్పుడు గుర్తొచ్చింది.

రెండోది "అట". ఇది మహా చెడ్డది, ఎందుకంటే వినపడదు. "రావణుడు సీతను ఎత్తుకెళ్లాడు" అంటాం, అదే నోటితో "మరియకు దేవదూత కనిపించాడట" అంటాం. మొదటిది కళ్లారా చూసినట్టు, రెండోది ఎవరో చెబితే విన్నట్టు. పిల్లలు ఈ తేడా పట్టేస్తారు. అన్నిటికీ ఒకే తూకం పెట్టండి. రామాయణంలో రావణుడు సీతను ఎత్తుకెళ్తాడు. బైబిల్లో మరియకు గబ్రియేలు దూత కనిపిస్తాడు. జిబ్రయీల్ దూత ద్వారా ముహమ్మద్ ప్రవక్తకు ఖురాన్ అందిందని ముస్లింలు విశ్వసిస్తారు. గ్రంథం పేరో, నమ్మేవాళ్ల పేరో వాక్యంలో ఉంటే చాలు, "అట"తో పని లేదు. గబ్రియేలు, జిబ్రయీల్ ఒకే పేరా సార్ అని ఒకసారి ఒక పిల్లవాడు అడిగాడు. అవును, ఒకే పేరు. ఆ రోజు క్లాసు ఎంత హుషారుగా సాగిందో చెప్పలేను.

చరిత్రలో జరిగినవాటికి మాత్రం ఈ జాగ్రత్త అక్కర్లేదు. ప్రవక్త 622లో మక్కా నుంచి మదీనాకు వెళ్లారు, రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడి కట్టించాడు అని నేరుగా చెప్పండి. బోర్డును నిలువుగా రెండు భాగాలు చేసి ఒక వైపు "జరిగింది", ఇంకో వైపు "నమ్మేది" అని రాస్తే పిల్లలే సర్దుతారు. ఎటు పెట్టాలో తేలనివి కూడా వస్తాయి. మధ్యలో గీత మీద రాయించండి, తప్పేమీ లేదు.

మూడోది "డు, రు". తెలుగువాళ్లకు దేవుడంటే చనువు. రాముడు వచ్చాడు, శివుడు మెచ్చాడు అంటే భక్తులకు అగౌరవం అనిపించదు. "ప్రవక్త చెప్పాడు" అంటే మాత్రం ముస్లిం పిల్లకు ముల్లులా గుచ్చుకుంటుంది, వాళ్ల ఇంట్లో ఎవరూ అలా అనరు కాబట్టి. సమానత్వం అంటే అందరికీ ఒకే ప్రత్యయం తగిలించడం అనుకోకండి. నమ్మేవాళ్లు గౌరవంగా ఎలా పిలుచుకుంటారో మనమూ అలా పిలుద్దాం. తెలియకపోతే ముందురోజు అడిగి తెలుసుకోండి. కాలనీలో మౌల్వీ గారో, చర్చి పాస్టర్ గారో, గుడి పూజారి గారో ఫోన్ దూరంలోనే ఉంటారు, సంతోషంగా చెబుతారు.

ఒకరోజు మీ పాఠాన్ని ఫోన్లో రికార్డు చేసుకుని ఇంటికెళ్లాక వినండి. నేను విన్నాను. ఒక్క పీరియడ్‌లో ఆరుసార్లు "మన" అన్నాను.

పుస్తకం కంటే ముందు ఊరు

మతం పాఠాన్ని గ్రంథాలతో మొదలుపెడితే పిల్లలకు నిద్రొస్తుంది. వరంగల్‌లో ఉన్నవాళ్లకు ఆ అవసరమే లేదు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో మూడు గర్భాలయాలున్నాయి: శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి. అక్కణ్నుంచి పద్మాక్షి గుట్ట చూడండి. సద్దుల బతుకమ్మ నాడు కింద గుండం దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. అదే గుట్ట మీద రాతిలో చెక్కిన జైన తీర్థంకరులున్నారు. అక్కడి 1117 నాటి శాసనం కాకతీయుల మంత్రి భార్య మైలమ కట్టించిన జైన బసది, అంటే జైన ఆలయం గురించి చెబుతుంది. కాజీపేట వెళ్తే అఫ్జల్ బియాబానీ దర్గా ఉంది, ఉర్సుకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. ఆ పక్కనే ఫాతిమానగర్‌లో కేథడ్రల్ చర్చి. ఇవన్నీ సిటీ బస్సు టికెట్ దూరంలోనే ఉన్నాయి.

చార్టు మీద ఊరి పటం గీయించండి. పల్లె బడి అయితే ఇంకా మంచిది. పోచమ్మ గుడి, హనుమాండ్ల గుడి, మసీదు, చర్చి, పీరీల కొట్టం, తండాలో సేవాలాల్ గుడి, ఊరి బయట ఎవరిదో తెలియని పాత రాతి విగ్రహం, అన్నీ పెట్టమనండి. తండా పిల్లలుంటే తీజ్ పండుగ తప్పకుండా పటంలోకి రావాలి. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించే ఆ తొమ్మిది రోజుల పండుగ మన పుస్తకాల్లో కనిపించేది తక్కువ.

మేడారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మనవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో జాతర. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను, కన్నెపల్లి నుంచి సారలమ్మను గద్దెల మీదికి తెస్తారు. విగ్రహాలు ఉండవు. పూజారులు కోయవాళ్లు. భక్తులు ఎత్తు బంగారమని బెల్లం సమర్పిస్తారు. ఇదంతా "జరిగింది" వైపు రాయొచ్చు. పన్ను కట్టనందుకు కాకతీయ సైన్యంతో యుద్ధం జరిగిందన్నది కోయలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథ, అలాగే చెప్పండి. కోయల నమ్మకాన్ని ఇంకో పెద్ద మతానికి తోకలా తగిలించి చెప్పకండి. "జానపదుల మూఢాచారం" అని ఒక్క మాటతో కొట్టిపారేయకండి కూడా. ఆదిలాబాద్ వైపు పనిచేసేవాళ్లు కేస్లాపూర్ నాగోబా జాతరను, గోండుల్లో మెస్రం వంశస్థుల పూజను ఇదే జాగ్రత్తతో చెప్పాలి. ఆ క్లాసులో మెస్రం ఇంటిపేరున్న పిల్లవాడు కూర్చుని ఉండొచ్చు.

పీరీల పండుగను, అంటే మొహర్రంను, ఒక పూర్తి పీరియడ్ చేయండి. 680లో కర్బలాలో ఇమామ్ హుస్సేన్ అమరుడైన సంగతి నుంచి మొదలుపెట్టండి. షియాలకు అవి సంతాప దినాలు. ముస్లింలలోనే పీరీలు లేపడాన్ని ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. మన పల్లెల్లో చాలాచోట్ల పీరును ఎత్తుకునేది, అలావా (నిప్పుల గుండం) చుట్టూ ఆడేది హిందూ కుటుంబాలవాళ్లు. ఒక మతం అంటే అందరూ ఒకేలా చేస్తారన్న అపోహ ఈ ఒక్క పాఠంతో తొలగిపోతుంది.

ఒక పీరియడ్ ఇలా నడపండి: చందమామ పాఠం

ఏ మతం పేరూ ఎత్తకుండా మొదలుపెట్టడానికి నాకు దొరికిన మంచి దారి ఇది. ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్ ఒకటి తెండి. తిథులు ఉండాలి, ఉర్దూ నెలలు కూడా అచ్చువేసినదైతే మరీ మంచిది. పాతవి రెండేళ్లవి ఉంటే అవీ పట్టుకురండి.

పిల్లల్ని గుంపులు చేసి ఒక్కటే పని ఇవ్వండి: ఏ పండుగ రోజు చందమామ ఎలా ఉంటాడో వెతకండి. పది నిమిషాల్లో బోర్డు నిండిపోతుంది. ఎంగిలిపూల బతుకమ్మ పెత్రమాస నాడు, అంటే అమావాస్య. మేడారం పౌర్ణమికి అటూ ఇటూ. బుద్ధ పౌర్ణమి పేరులోనే ఉంది. గురునానక్ జయంతి కార్తీక పౌర్ణమి. నాగోబా పుష్య అమావాస్య. రంజాన్ పండుగ నెలవంక కనిపించాక. ఈస్టర్ దగ్గర పిల్లలు ఆగిపోతారు, అక్కడ మీరు సాయం చేయాలి: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి చూసి, దాని తర్వాతి ఆదివారం ఈస్టర్‌గా లెక్కిస్తారు. అందుకే ఏటా తేదీ మారుతుంది.

ఇప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, అడక్కపోతే మీరే అడగండి: బతుకమ్మ ఎప్పుడూ వానాకాలం చివర్లోనే వస్తుంది, రంజాన్ మాత్రం ఒకప్పుడు చలికాలంలో, ఒకప్పుడు ఎండాకాలంలో ఎందుకొస్తుంది? లెక్క బోర్డు మీద చేయించండి. చంద్రుణ్ని బట్టి పన్నెండు నెలలంటే 354 రోజులు. సూర్యుణ్ని బట్టి సంవత్సరానికి 365. తేడా 11 రోజులు. తెలుగు పంచాంగం ఈ తేడాను సర్దడానికి రెండున్నర, మూడేళ్లకోసారి అధిక మాసం కలుపుతుంది. ఇస్లామిక్ క్యాలెండర్ కలపదు. కాబట్టి రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ దాదాపు 33 ఏళ్లలో అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. ఆ లెక్క తేలిన క్షణం పిల్లల ముఖాలు చూడాలి. ఇక ఆఖరి ప్రశ్న: సంక్రాంతికి, క్రిస్మస్‌కు చందమామతో పనిలేదు, ఎందుకు? అది ఇంటిపనిగా ఇచ్చేయండి.

ఈ పాఠంలో ఎవరి నమ్మకాన్నీ పొగడలేదు, తగ్గించలేదు. ఎవరిది గొప్ప అన్న మాటే రాదు, ఎందుకంటే ప్రశ్నే వేరు. ఇలాగే ఒక్కపొద్దులు, తీర్థయాత్రలు, చావు పుట్టుకల ఆచారాలు, దానధర్మాలు పట్టుకుని ఒక్కో అంశం మీద అన్ని మతాలనూ పక్కపక్కన పెట్టవచ్చు. మతానికో రోజు చొప్పున చెబితే ఒకదానికి రెండు పీరియడ్లు, ఇంకోదానికి పది నిమిషాలు అయి కూర్చుంటాయి. ఏ అంశంలోనైనా "దేవుణ్ని నమ్మనివాళ్లు" అని ఒక గడి వదలండి. వాళ్లూ ఈ దేశపు పౌరులే, కొన్ని ఇళ్లలో తాతలు తండ్రులు అలాంటివాళ్లు ఉంటారు.

ఏ పిల్లనూ తన మతానికి సాక్షిగా నిలబెట్టకండి

"నువ్వు లే, మీవాళ్లు ఎందుకు అలా చేస్తారో చెప్పు." మంచి ఉద్దేశంతోనే అంటాం. పదకొండేళ్ల పిల్ల నలభై మంది ముందు ఒక మతం మొత్తానికి జవాబు చెప్పాలి. తెలియకపోతే సిగ్గు, తప్పు చెబితే ఇంట్లో తిట్లు. వాళ్లంతట వాళ్లు చెయ్యి ఎత్తితే సంతోషంగా చెప్పనివ్వండి. "మా ఇంట్లో ఇలా చేస్తాం" అన్నా చాలు, "మా మతంలో ఇలా" అనక్కర్లేదు.

హాజరు పట్టీలో పేరు చూసి మతాన్ని ఊహించకండి. మన దగ్గర చాలామంది క్రైస్తవుల పేర్లు హిందూ పేర్లలాగే ఉంటాయి. పిల్లలు "తురకోళ్లు", "కిరస్తానపోళ్లు" అని ఇంట్లో విన్న మాట క్లాసులో అంటారు. కసురుకోకండి. "ముస్లింలు అనాలి బిడ్డా, మళ్లీ చెప్పు" అని సరైన మాట అందించి పాఠం సాగించండి. రెండుమూడుసార్లకు అలవాటవుతుంది.

గట్టి ప్రశ్నలు వచ్చినప్పుడు

"సార్, దేవుడు ఉన్నడా?" తప్పకుండా వస్తుంది. నా జవాబు: "కోట్లమంది ఉన్నాడంటారు, లేడనేవాళ్లూ ఉన్నారు. ఈ ప్రశ్నకు బడి జవాబు చెప్పదు. మీ అమ్మానాన్నలతో మాట్లాడు, పెద్దయ్యాక నువ్వే ఆలోచించుకో."

"మీరేం నమ్ముతరు సార్?" దీనికి మెత్తగా, కానీ గట్టిగా తప్పుకోవాలి. "నేను ఇక్కడ అందరి సార్‌ను. నా నమ్మకం ఇంట్లో ఉంటుంది." పిల్లలు ఒప్పుకుంటారు.

"వాళ్లు మనోళ్లు కాదు సార్, మా బాబాయి అన్నడు." ఇది వచ్చినప్పుడు మాత్రం పాఠం ఆపేయండి. వాదించకండి, బాబాయిని తిట్టకండి. పొద్దున ప్రార్థనలో చెయ్యి చాపి చెప్పిన ప్రతిజ్ఞ రెండో వాక్యం క్లాసు మొత్తంతో మెల్లగా చెప్పించండి. ఆ ప్రతిజ్ఞ రాసింది మన నల్లగొండ జిల్లావాడు పైడిమర్రి వెంకట సుబ్బారావు, 1962లో, తెలుగులో. తర్వాత అది దేశంలోని ఇతర భాషల్లోకీ వెళ్లింది. అందులో వారసత్వ సంపదకు "బహువిధమైన" అని విశేషణం ఉంది. ఏళ్లుగా అప్పజెప్పే మాటే, అర్థం అడిగితే చాలామందికి తెలియదు. ఆ ఒక్క మాటకు అర్థం చెప్పి పాఠంలోకి వెళ్లిపోండి.

ఇంకొకటుంది, ఇది నా మనసుకు దగ్గరి సంగతి. "మమ్మల్ని గుడి లోపలికి రానియ్యరు సార్" అని ఒక పిల్లవాడు మెల్లగా అంటాడు. అప్పుడు "మనం నిష్పాక్షికంగా ఉండాలి" అని తప్పుకోవడం పిరికితనం. మతాల మధ్య పక్షం వద్దు, నిజమే. రాజ్యాంగం విషయంలో మాత్రం మనం ఒక పక్షమే. అంటరానితనాన్ని 17వ అధికరణ రద్దు చేసింది, పాటించడం నేరం అని ఆ పూటే, ఆ పిల్లవాడి ముందే, క్లాసంతా వినేలా చెప్పండి. ఏ మతంలోనైనా మనిషిని తక్కువ చేసే ఆచారం ఉంటే, దాన్ని ఆ మతంలోనే పుట్టి ఎదిరించినవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల గురించి కూడా చెబితే పాఠం నిండుగా ఉంటుంది. బసవేశ్వరుడి గురించి చెప్పడానికి, బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి మన పక్కనే ఉంది కదా.

పాఠం బయట

క్లాసులో ఎంత జాగ్రత్తగా చెప్పినా ప్రార్థన దగ్గర, ఆవరణలో వేరేలా ఉంటే పిల్లలు రెండోదాన్నే నమ్ముతారు. చేతులు జోడించని పిల్లను, ఒక పాటకు పెదవి కదపని పిల్లవాణ్ని నిలదీయకండి. మర్యాదగా నిలబడితే చాలు. కేరళలో ముగ్గురు పిల్లలు తమ విశ్వాసం వల్ల జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడినందుకు బడి నుంచి పంపేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది. పండుగ సంబరం ఏదైనా చేస్తే మిగతావాటికీ అదే స్థలం, అదే సమయం ఇవ్వండి. చందా మాత్రం పిల్లల దగ్గర దేనికీ వసూలు చేయకండి.

అయ్యప్ప మాల వేసుకున్న పిల్లవాడు, రోజా ఉన్న పిల్ల మధ్యాహ్న భోజనం దగ్గర ఇబ్బంది పడకుండా చూడండి. "ఎందుకు తినవు" అని అందరి ముందు అడగకుండా ఒక పక్కన కూర్చునే చోటు ఇస్తే చాలు.

గుడికో దర్గాకో చర్చికో పిల్లల్ని తీసుకెళ్తే అనుమతి కాగితం మీద "చూడటానికి మాత్రమే, పూజకు కాదు" అని స్పష్టంగా రాయండి. అక్కడివాళ్లతో ముందే మాట్లాడి ఉంచండి: బొట్టు పెట్టడం, ప్రసాదం ఇవ్వడం, తల మీద చెయ్యి పెట్టి దువా చేయడం పిల్లలు అడిగితేనే. లోపలికి రానన్న పిల్లవాడితో ఒక టీచర్ బయట ఉండాలి. ఒక్క చోటికే తీసుకెళ్లి ఆగిపోవద్దు. ఒకే రోజు రెండు మూడు చూపించండి.

తల్లిదండ్రులకు ముందే చెప్పడం అన్నిటికన్నా ముఖ్యం. పాఠానికి వారం ముందు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ మీటింగులో అయిదు నిమిషాలు తీసుకుని ఏం చెప్పబోతున్నారో చెప్పండి, పుస్తకంలో పేజీ చూపించండి. ఒకసారి ఒక తండ్రి కోపంగా వచ్చాడు: "మా పిల్లకు నమాజు నేర్పుతున్నరట." నేనేమీ వాదించలేదు. కుర్చీ వేసి, లెసన్ ప్లాన్, పిల్ల నోట్సు రెండూ ముందు పెట్టాను. చందమామ బొమ్మల పేజీ దగ్గర ఆయన ఆగి, అధిక మాసం లెక్క రెండుసార్లు చదివి, "ఇది నాకే తెల్వదు సార్" అన్నాడు. రాతలో ఉంటేనే ఇది సాధ్యం. లెసన్ ప్లాన్ రాయడం బద్ధకించకండి, హెచ్ఎం సంతకం ఉంచుకోండి.

ప్రశ్నపత్రం, చివరగా ఒక దిద్దుబాటు

అంతా బాగా చెప్పి ప్రశ్నపత్రంలో దొరికిపోతాం. "రంజాన్ మాసం ఎందుకు పవిత్రమైనది?" అని అడిగితే పిల్ల ఆ పవిత్రతను ఒప్పుకుని రాయాలి. "ముస్లింలు రంజాన్ మాసాన్ని ఎందుకు పవిత్రంగా భావిస్తారు?" అని అడగండి. మార్కులు పిల్లకు తెలిసినదానికి పడాలి, నమ్మినదానికి కాదు. "మీకు నచ్చిన దేవుడి గురించి రాయండి" లాంటి వ్యాసాలు ఇవ్వకండి. "మీ ఊరిలో మీరు చూసిన ఒక పండుగను వర్ణించండి" అంటే అందరూ రాయగలరు.

ఎంత జాగ్రత్తపడ్డా నోరు జారుతుంది. జారిన క్లాసులోనే, అంతే గొంతుతో సరిచేసుకోండి. ఆ నోట్సు దిద్దిన మర్నాడు నేను బోర్డు మీద "మన పండుగలు" అని మళ్లీ రాసి, పిల్లలు చూస్తుండగా చెరిపి, "మన జిల్లాలో జరుపుకునే పండుగలు" అని రాశాను. నిన్న నేను సగమే రాయించాను, ఈరోజు పూర్తి చేద్దాం అన్నాను. పిల్లలు ఒక్కొక్కటే చెబుతుంటే వరుస పెరిగింది. గుడ్ ఫ్రైడే, తీజ్, మేడారం, మిలాద్, బోనాలు. ఆ అమ్మాయి కొత్త పేజీ తిప్పి రాసుకుంటోంది. మధ్యలో చెయ్యి ఎత్తింది.

"సార్, పీరీల పండుగ ఎవరిది అని రాయాలె?"

వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచాడు. "మా తాత ఎత్తుకుంటడు సార్ పీరు. మేం గొల్లోళ్లం."

ఆ పిల్ల ఒకసారి వాడివైపు, ఒకసారి నావైపు చూసింది. ఎవరిదో రాయకుండా పండుగ పేరు రాసుకుని, పక్కన చిన్నగా నెలవంక గీసుకుంది.